పాత చేతులు, కొత్త జట్టు

రాయవలస టౌన్ క్లబ్ వాలీబాల్ జట్టులో తవిటినాయుడు అనే ఆటగాడు ఉండేవాడు. అతని వేళ్లకు ఎంత నేర్పు ఉండేదో, ఒకరిని అడిగి తెలుసుకోవడమంటే అతనికి అంత నామోషీగా ఉండేది.

అతను సెట్టర్. అంటే నెట్ పక్కన నిలబడి, వెనకనుంచి వచ్చిన బంతిని స్మాష్ కొట్టేవాడికి అందేలా పైకి లేపి ఇచ్చేవాడు. చప్పట్లు స్మాష్ కొట్టినవాడికే పడతాయి. ఆట తెలిసినవాళ్లు మాత్రం లేపినవాడి చేతులనే చూస్తారు. తవిటినాయుడి చేతులు చూడటానికి పక్క ఊళ్లనుంచి కూడా జనం వచ్చేవారు. అతను బంతిని బాగా ఎత్తుగా, నెట్‌కు ఆనీ ఆననట్టు లేపేవాడు. అది పైన ఒక్క క్షణం ఆగినట్టు ఉండేది. తాటిచెట్టులాంటి జోగారావు తీరిగ్గా ఎగిరి దాన్ని అవతలి కోర్టులో దించేవాడు. ఇద్దరూ మీసాలు రాకముందునుంచి కలిసి ఆడారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన పని కూడా ఉండేది కాదు.

"నా చేతిలో పడ్డ బంతి తప్పు పోదురా. పోయిందంటే ఆ తప్పు కొట్టినవాడిదే," అని తవిటినాయుడు అనేవాడు.

జోగారావు నవ్వి ఊరుకునేవాడు.

ఏళ్లు గడిచాయి. నాయుడి చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. ఎడమ మోకాలు చలికాలం ఉదయాల్లో మూలగడం మొదలుపెట్టింది. ఒక ఏడు క్లబ్ ప్రెసిడెంటు స్పోర్ట్స్ హాస్టల్లో తర్ఫీదైన కొత్త సెట్టర్‌ను తీసుకొచ్చాడు. నాయుణ్ణి పిలిచి, "నువ్వు కోర్టు పక్కన కూర్చుని మనవాళ్లకు నాలుగు మంచి మాటలు చెబుతూ ఉండు, చాలు," అన్నాడు.

"మాటలు చెప్పేవాళ్లు క్లబ్బులో చాలామందే ఉన్నారు," అని నాయుడు చెప్పులు వేసుకుని వచ్చేశాడు. జోగారావు గేటుదాకా వెంట వచ్చి బతిమాలాడు. నాయుడు ఆగలేదు.

అతనికి బస్టాండు దగ్గర సైకిల్ షాపు ఉండేది. వారం తిరక్కుండా ఆ షాపుకు మసేను వచ్చాడు. మసేను సముద్రపు ఒడ్డున ఉన్న నాగులపాలెంలో చేపలు పట్టేవాడు. ఆ ఊరి వాలీబాల్ జట్టుకు కెప్టెన్ కూడా.

"నాయుడు బావూ, మాకు కొట్టేవోళ్లకు కొదవ లేదు. లేపేవోడే చాలట్లేదు. మీరొస్తే ఈ ఏడు రాయవలస టోర్నమెంటు కప్పు మాదే," అన్నాడు.

నాయుడి గుండె పొంగింది. పైకి మాత్రం పంక్చరు వేస్తూనే, "చూద్దాంలే," అన్నాడు. ఆ సాయంత్రమే నాగులపాలెం బస్సెక్కాడు.

ఆ సంగతి రాయవలసలో టీ కొట్టు టీ కొట్టుకూ పాకింది. ఎవరి నోట విన్నా అదే ప్రశ్న. ఈ వయసులో జట్టు మారి నాయుడు నెగ్గుకురాగలడా? "పేరంతా జోగారావు ఎత్తువల్ల వచ్చింది," అని ఒకరంటే, "మొక్కై వంగనిది మానై వంగునా?" అని ఇంకొకరు దీర్ఘం తీశారు. నాయుడు షాపులో తల వంచుకుని అన్నీ విన్నాడు. చూపిస్తాను వీళ్లకు, అనుకున్నాడు.

నాగులపాలెం కోర్టు ఒడ్డున ఇసుకలో ఉండేది. అక్కడ స్మాష్ కొట్టేవాడి పేరు ఎల్లాజీ. పొట్టిగా, గట్టిగా, వలలు లాగి లాగి రాటుదేలిన భుజాలతో ఉండేవాడు. మాట తక్కువ. మొదటిరోజు నాయుడు తన అలవాటు ప్రకారం బంతిని ఎత్తుగా, అందంగా లేపాడు. ఎల్లాజీ రివ్వున ఎగిరాడు. బంతి ఇంకా పైనే ఉండగా అతను కిందికి వచ్చేశాడు. చెయ్యి గాలిని కొట్టింది. బంతి వచ్చి నెట్‌లో పడింది.

"తొందరెందుకురా? ఆగి ఎగురు," అన్నాడు నాయుడు.

"సరే బావూ," అన్నాడు ఎల్లాజీ.

ఆగి ఎగిరితే దెబ్బలో జోరు పోయింది. ఆగకుండా ఎగిరితే బంతి అందలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒక్కరూ నాయుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అతను పెద్దవాడు, పేరున్నవాడు, పిలిస్తే వచ్చినవాడు. వాళ్ల మర్యాద అతన్ని మరీ భయపెట్టింది. తిట్టినా బాగుండుననిపించింది.

వాళ్లందరికంటే అతన్ని ఎక్కువ బాధపెట్టినవాడు నూకన్న. నాయుడు రాకముందు ఆ జట్టు సెట్టర్ అతనే. ఇప్పుడు చోటు పోయి, బోర్లించిన తెప్ప మీద కూర్చుని ఆట చూసేవాడు. బంతి నెట్‌లో పడ్డప్పుడల్లా ముఖం చిట్లించేవాడు. నేను పడిపోతే లేచి వద్దామని కాచుకుని ఉన్నాడు, అనుకున్నాడు నాయుడు. అప్పటినుంచి బంతి చేతికొచ్చిన ప్రతిసారీ వీపు మీద ఆ చూపు ఉన్నట్టే ఉండేది.

పొరుగూరితో ఆడిన సరదా పోటీలో నాగులపాలెం చిత్తుగా ఓడింది. నాయుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన వేళ్లు చూసుకున్నాడు. ఇవి అవే వేళ్లేనా? లేక నిజంగానే ఇన్నాళ్లూ జోగారావు ఎత్తును తన నేర్పు అని భ్రమపడ్డాడా? మర్నాడు షాపులో ఆలోచిస్తూ ఒక ట్యూబుకు గాలి కొడుతూ కొడుతూ పేలేదాకా కొట్టాడు. సైకిలు తెచ్చిన మాస్టారు ఉలిక్కిపడి కళ్లజోడు సర్దుకున్నాడు.

భార్య వరాలు అన్నం పెడుతూ అడిగింది. "నాలుగు మెతుకులు కూడా దిగట్లేదు. ఏమైంది?"

"ఏమీ కాలేదు. అక్కడివాళ్లకు ఆట పట్టుబడట్లేదు."

"వాళ్లతో మాట్లాడావా?"

"నేను వెళ్లేది ఆడటానికి. మాట్లాడటానికి కాదు."

"పెళ్లయిన కొత్తలోనూ ఇంతే. పులుసులో నీకు కాస్త బెల్లం కావాలని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నువ్వు చెప్పవు, నన్ను అడగనివ్వవు," అంది వరాలు. నాయుడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

టోర్నమెంటు వచ్చింది. రాయవలస హైస్కూలు మైదానం నిండిపోయింది. నాగులపాలెంనుంచి ఆడామగా ట్రాక్టర్ల మీద వచ్చారు. మొదటి ఆటలో అవతలి జట్టు చేతకానిది కాబట్టి నాగులపాలెం ఎలాగో గట్టెక్కింది. కానీ ఎల్లాజీ కొట్టిన బంతుల్లో సగం నెట్‌కే తగిలాయి. జనం నవ్వారు. ఆ నవ్వు తనమీదికి వస్తుందేమోనని నాయుడు భయపడ్డాడు. చివరికి ఒక బంతి మరీ ఘోరంగా పోయేసరికి అతను అందరూ వినేట్టు అరిచాడు.

"నీకు ఎగరడమే రాదురా! బంగారంలాంటి బంతి ఇస్తే మట్టిపాలు చేస్తున్నావు!"

ఎల్లాజీ తల వంచుకున్నాడు. గట్టు మీద కూర్చున్న నాగులపాలెం జనం కేకలు ఆపేశారు.

ఆట అయిపోయాక మసేను నాయుడి దగ్గరకు వచ్చాడు. అతని ముఖంలో కళ లేదు.

"బావూ, రేపు సెమీఫైనల్. ఆడాల్సింది మీ పాత క్లబ్బుతోనే. ఎల్లాజీని తీసేసి ఇంకొకణ్ణి పెట్టమంటారా? మీరు ఊ అంటే తీసేస్తాను."

ఊ అంటే చాలు. ఓడినా తప్పు ఎల్లాజీదే అవుతుంది. టీ కొట్ల దగ్గర కూడా పాపం నాయుడు మాత్రం ఏం చేస్తాడు, కొట్టేవాడు దొరకలేదు అనుకుంటారు. తన పేరు భద్రంగా ఉంటుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడే అతనికి కుళాయి దగ్గర ఎల్లాజీ కనిపించాడు. నెట్ తీగకు కొట్టుకుని అతని వేళ్లు వాచాయి. నూకన్న పక్కన కూర్చుని తడిగుడ్డ చుడుతున్నాడు. ఎల్లాజీ అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆ రోజు బస్సులో తను తన వేళ్లు చూసుకున్నట్టే.

"కాసేపాగు మసేనూ," అన్నాడు నాయుడు.

కుళాయి దాకా ఉన్న కాస్త దూరం అతనికి చాలా పెద్దదిగా తోచింది. వెళ్లి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నూకన్నా, ఒక సంగతి అడగనా? ఎల్లాజీకి బంతి ఎలా లేపాలి?"

నూకన్న తలెత్తి చూశాడు. నవ్వుతాడేమోనని నాయుడు ఊపిరి బిగబట్టాడు. నూకన్న నవ్వలేదు.

"ఈ మాట కోసమే ఇన్నాళ్లూ చూస్తన్నాను బావూ. నాకై నేను చెప్పేద్దునేమో. చోటు పోయినోడు తప్పులు ఎన్నుతుంటే ఏడుపనుకుంటారు గదా. అందుకని నోరు మూసుకున్నాను. అయినా నన్నడుగుతారేటి? కొట్టేవోడు మీ ముందే ఉన్నాడు."

నాయుడు ఎల్లాజీ పక్కన తడినేల మీదే కూర్చున్నాడు.

"చెప్పరా. నీకు ఎలా కావాలి?"

ఎల్లాజీ మొదట మసేను వైపు, తర్వాత నూకన్న వైపు చూశాడు. నిదానంగా అన్నాడు. "ఎత్తు తక్కువ కావాలి బావూ. నెట్‌కి కాస్త ఎడంగా. మా ఒడ్డున గాలి. ఎత్తుగా లేపితే బంతి ఎటో కొట్టుకుపోద్ది. అందుకే మేం బంతితో పాటే ఎగిరిపోతాం. అది పైన ఆగేదాకా ఆగడం మా కాళ్లకి తెలీదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు పెద్దోరు. మీ బంతి తప్పు పోదంటారు గదా. నాకే ఆట రాదనుకున్నాను."

నాయుడికి ఆ మాట ఎక్కడో లోతుగా దిగింది. జనంలో తను అరిచిన అరుపు మళ్లీ చెవుల్లో వినిపించింది.

"నీకు ఆట వచ్చురా. నిన్ను అడగడమే నాకు రాలేదు," అన్నాడు.

ఇంకా వెలుతురు ఉండగానే ముగ్గురూ మైదానం మూలకు వెళ్లారు. నూకన్న బంతి విసిరాడు. నాయుడు తక్కువ ఎత్తులో లేపాలనుకున్నాడు. చేతులు మాత్రం పాత ఎత్తుకే వెళ్లిపోయాయి. మళ్లీ విసిరాడు. మళ్లీ అంతే. ఏళ్ల తరబడి గొప్పగా చేసిన పనిని చేయకుండా ఉండటం ఇంత కష్టమని అతనికి తెలియదు. ఎవరి చోటు తను తీసుకున్నాడో ఆ మనిషి ముందే మొదటిసారి బంతి పట్టినవాడిలా తడబడ్డాడు. చెమటతో పాటు సిగ్గు కూడా కారిపోయింది. మసక పడే వేళకు కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. కుదిరినప్పుడు మాత్రం ఎల్లాజీ దెబ్బకు బంతి నేల మీద టపాకాయలా పేలింది.

"రేపటికి చాలుతుందా?" అన్నాడు నాయుడు.

"తెలీదు బావూ," అన్నాడు నూకన్న నిజాయితీగా.

మర్నాడు నాయుడు కోర్టులోకి దిగాడు. నెట్‌కు అవతల జోగారావు నిలబడి ఉన్నాడు. "బాగున్నావురా?" అన్నాడు. ఆ పలకరింపులో ఎగతాళి లేదు. అది మరీ కష్టంగా అనిపించింది. జనం మొత్తం ఊపిరి బిగబట్టి తన చేతులవంకే చూస్తున్నారని నాయుడికి తెలుసు.

మొదటి సెట్టులో భయం అతన్ని పాత అలవాటులోకి ఈడ్చుకుపోయింది. బంతి ఎత్తుగా లేచింది. ఎల్లాజీ ఎలాగో అందుకుని కొట్టాడు. జోగారావు చేతులు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. బంతి గోడకు తగిలినట్టు తిరిగొచ్చి నాయుడి పాదాల దగ్గర పడింది. ఇంకోసారీ అదే జరిగింది.

"నీ మోచెయ్యి లేస్తే బంతి ఎక్కడికొస్తుందో నాకు తెలియదేంట్రా?" అన్నాడు జోగారావు మెల్లగా.

తను గొప్ప అనుకున్న ప్రతి విద్యా అవతలివాడికి కంఠతా వచ్చు. ఇక్కడ పాత నేర్పుతో పాత పేరును కాపాడుకోవడం కుదరదు. మొదటి సెట్టు పోయింది. వెనకనుంచి ఎవరో ఈల వేశారు.

రెండో సెట్టు మొదలవుతుండగా అతను జనమంతా వినేలా కేకవేశాడు. "ఎల్లాజీ! ఒరే, నిన్న నిన్ను అన్న మాట తప్పు. ఇప్పుడు ప్రతి బంతికీ ఎలా ఉందో చెప్పు. మొహమాటపడకు."

గట్టు మీద కొందరు నవ్వారు. అంతటి నాయుడు ఎల్లాజీని అడుగుతున్నాడా అని ముఖాలు చూసుకున్నారు. నాయుడి చెవులు వేడెక్కాయి. అయినా ప్రతి బంతి తర్వాతా అడిగాడు.

"ఇది?"

"ఇంకా కిందికి బావూ."

"ఇది?"

"ఎడం చాలదు."

"ఇప్పుడో?"

జవాబు బదులు బంతి అవతలి కోర్టులో పేలింది. నాగులపాలెం జనం లేచి నిలబడ్డారు. జోగారావు చేతులు లేచేలోపే బంతులు అతని భుజాల పక్కనుంచి దూసుకుపోయాయి. రెండో సెట్టు నాగులపాలెం గెలిచింది.

మూడో సెట్టు తాడు మీద నడకలా సాగింది. ఒకరు ముందుకు వెళితే ఇంకొకరు వెంటనే అందుకున్నారు. నాయుడి మోకాలు మండుతోంది. ఒక్క పాయింటు వస్తే గెలుపు అన్నచోటికి వచ్చాక బంతి మసేను చేతుల మీదుగా పైకి లేచి నాయుడి వైపు వచ్చింది. ఆ క్షణంలో అతని భయమంతా వేళ్లలోకి దిగింది. ఎత్తుగా లేపు, అదే నీకు వచ్చింది, అదే సురక్షితం అని చేతులు పోరుపెట్టాయి. అవతల జోగారావు కళ్లు అతని మోచేతినే చూస్తున్నాయి. పక్కన ఎల్లాజీ పాదాల చప్పుడు వినిపించింది. బంతి ఇంకా తన చేతికి రానేలేదు, అతను అప్పుడే పరుగెత్తుకొస్తున్నాడు. వస్తుందని నమ్మి వస్తున్నాడు.

నాయుడు మోచెయ్యి లేపలేదు. వేళ్లతో బంతిని తక్కువ ఎత్తులో, ఎడంగా తోశాడు. అందం లేదు, పైన ఆగడం లేదు. ఎల్లాజీ అప్పటికే గాలిలో ఉన్నాడు. జోగారావు ఎగిరేసరికి బంతి అతని వెనక నేలను తాకి, గట్టు మీది జనంలోకి వెళ్లిపోయింది.

నాయుడు చప్పట్లు వినలేదు. మోకాళ్ల మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. ఎల్లాజీ వచ్చి వాచిన చేత్తోనే అతన్ని లేవదీశాడు.

మర్నాడు ఫైనల్లో అతని మోకాలు సగం ఆటకే మొరాయించింది. "నూకన్నా, నువ్వు రా," అని అతనే పిలిచాడు. మొదటి సగం నాయుడు, మిగతా సగం నూకన్న ఆడారు. కప్పు ట్రాక్టరెక్కి నాగులపాలెం వెళ్లింది. ఆ తర్వాత కూడా నాయుడు ఆ జట్టులోనే ఆడాడు. ఎంత ఆడగలిగితే అంతే ఆడాడు.

కొన్నాళ్లకు జోగారావు సైకిలు బాగుచేయించుకునే వంకతో షాపుకు వచ్చాడు. కాసేపు అవీఇవీ మాట్లాడి, చివరికి మనసులోని ప్రశ్న బయటపెట్టాడు. "నిజం చెప్పరా. ఇన్నేళ్ల చేతి అలవాటు మార్చుకోవడం ఈ వయసులో నీకెలా వచ్చింది?"

తవిటినాయుడు చక్రాన్ని ఒకసారి తిప్పి, అది వంకర లేకుండా తిరుగుతోందో లేదో చూశాడు.

"ఏముంది? అడిగాను," అన్నాడు.

నేర్చిన విద్య మనిషి వెంట ఎక్కడికైనా వస్తుంది గాని సంపాదించిన పేరు రాదు. కాబట్టి కొత్తచోటికి వెళ్లినవాడు ఎంతటి ఘనుడైనా, తనకు తెలిసింది చూపించే ముందు ఎదుటివారికి కావలసింది అడిగి తెలుసుకోవాలి.